సౌరగాలికి భూమి ఎదురు నిలిచే చోటు

సూర్యుడి నుంచి ఎడతెగకుండా వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం సౌరగాలి. సెకనుకు సగటున 400 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే ఈ ప్లాస్మాకు భూమి అయస్కాంత క్షేత్రం అడ్డుపడే చోట పొరలు, తరంగాలు, సుడులు ఏర్పడతాయి. బాన్సువాడ ప్రాంతంలో పారే మంజీరకు వరదొచ్చినప్పుడు వంతెన స్తంభం దగ్గర ఇలాంటి తీరే కనిపిస్తుంది: నీరు స్తంభం ముందు ఎగదన్ని, రెండు పాయలుగా చీలి, పక్కల్లో సుడి తిరుగుతుంది.

భూమికి పగటి వైపు సుమారు 90,000 కిలోమీటర్ల దూరాన ఉండే తొలి అడ్డు బౌ షాక్. ఇక్కడ సౌరగాలి ఒక్కసారిగా నెమ్మదించి, వేడెక్కి, చిక్కబడుతుంది. గాలిలో షాక్ తరంగం అణువుల తాకిడితో పుడుతుంది. ఘన సెంటీమీటరుకు అయిదారు కణాలే ఉండే అంతరిక్షంలో తాకిళ్లు దాదాపు ఉండవు. ఆ పని విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు చేస్తాయి. 1963 నవంబరులో ప్రయోగించిన అమెరికా ఉపగ్రహం ఇంప్-1 కొలతలతో బౌ షాక్ ఉనికి రుజువైంది. దానికి లోపల కల్లోలంగా ఉండే పొర మాగ్నెటోషీత్. సుమారు 65,000 కిలోమీటర్ల దగ్గర అసలు సరిహద్దు, మాగ్నెటోపాజ్.

ఈ సరిహద్దులు కుదురుగా ఉండవు. బౌ షాక్‌ను తాకి వెనక్కి మళ్లిన అయాన్లు ఎదురొచ్చే సౌరగాలిలో దాదాపు 30 సెకన్లకొకసారి ఊగే తరంగాలను రేపుతాయి. వాటి ప్రభావం లోపలికి చేరి, నేలమీది మాగ్నెటోమీటర్లలో పీసీ3 అనే అయస్కాంత స్పందనలుగా నమోదవుతుంది. మాగ్నెటోపాజ్ పక్కల్లో లోపలి, బయటి ప్రవాహాల వేగం తేడా వల్ల కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్ తరంగాలు లేచి సుడులుగా చుట్టుకుంటాయి. 2001 నవంబరు 20న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు అలాంటి సుడుల గుండా సాగాయి.

ఈ అలజడికి తెలుగు నేలమీద సాక్షి హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. అక్కడి అయస్కాంత పరిశీలనశాల 1964లో మొదలైంది. చౌటుప్పల్‌లో మరొకటి ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన అంతరిక్ష నౌక ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సౌరగాలిని ముందుగానే పసిగడుతుంది. మామూలు వేగంతో వచ్చే గాలి అక్కడి నుంచి భూమిని చేరడానికి గంట పడుతుంది.

2024 మే 10 రాత్రి సుమారు 10:35కి సౌర తుపాను భూమిని తాకింది. మాగ్నెటోపాజ్ భూస్థిర కక్ష్య లోపలికి నొక్కుకుపోయింది. లద్దాఖ్‌లోని హన్లేలో ఆకాశం ఎర్రబారింది. ఆ ఎర్రటి వెలుగు కనబడేంత ఉత్తరాన బాన్సువాడ లేదు. అయినా ఆ తుపాను భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల క్షేత్రాన్ని సుమారు 400 నానోటెస్లాల మేర తగ్గించింది. హైదరాబాద్ దగ్గర క్షితిజ సమాంతర క్షేత్రం దాదాపు 40,000 నానోటెస్లాలు కాబట్టి, అది నూటికి ఒక వంతు.