హుగ్లీ తీరమున మన తెలుగు అక్షరములు



పశ్చిమ బెంగాలు రాజధానియైన కోల్‌కతాకు వెళ్లువారు ఒక దినము హుగ్లీ నదీతీరమునకు కేటాయించుడి. ఉదయమే కారు మాట్లాడుకొని ఉత్తరముగా సాగినయెడల, దాదాపు 40 కిలోమీటర్లలో నాలుగు పాత పట్టణములు వరుసగా వచ్చును. శ్రీరాంపూరు డేనులది, చందర్‌నగరు ఫ్రెంచివారిది, చిన్సురా డచ్చివారిది, బండేలు పోర్చుగీసువారిది. చిన్సురా 1825లోను, శ్రీరాంపూరు 1845లోను ఆంగ్లేయుల వశమాయెను. ఫ్రెంచివారు 1950లో చందర్‌నగరును విడిచిరి.

మనము ఎక్కువసేపు నిలువవలసినది శ్రీరాంపూరులో. ఈస్టిండియా కంపెనీ తన ప్రాంతములలో మిషనెరీలకు చోటీయనందున, విలియం కేరీ 1800 జనవరిలో ఇక్కడి డేనుల నీడ చేరెను. మార్ష్‌మన్, వార్డులతో కలిసి ముద్రణాలయము నడిపెను. 1812 మార్చి 11న అది తగులబడెను. అచ్చు అక్షరములు కరిగిపోయెను. ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులు బూడిదయాయెను. అక్షరములు చెక్కిన ఉక్కు ముద్రలు మాత్రము మిగిలెను. పనివారు వాటితోనే అక్షరములను మరల పోతపోసిరి. 1814లో కేరీ తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడే అచ్చుపడెను.

నేడు మనము చదువునది ఆ అనువాదము కాదు. తరువాతివారు మరింత చక్కని తెలుగులో అనువదించిరి. అయినను ఆ దారి వేసినవారిలో వీరున్నారు.

1818లో స్థాపింపబడిన శ్రీరాంపూరు కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు పట్టాలిచ్చు అధికారమిచ్చెను. మన పాదిరులలో అనేకుల బి.డి. పట్టాపై ఆ ఊరి పేరే యున్నది. 1834లో మరణించిన కేరీ సమాధియు అక్కడనే.

ఆ నాలుగు రాజ్యముల జెండాలు దిగిపోయినవి. మన ఇంట బైబిలు తెరచునప్పుడు, కాలిన అక్షరములను తిరిగి పోసిన ఆ చేతులను తలంచుకొని దేవుని స్తుతింతము.