శబ్దమునకు దుబాసి: అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పూర్వాపరములు

గ్రంథము కంటికి విందు. రేడియో వీనులకు విందు. తెలుగు సీమలో ఈ రెండును చిరకాలము ఒకే కప్పు క్రింద వసించినవి. 1950, 1960 దశకములలో పెక్కు గ్రామములందు గ్రంథాలయపు అరుగే రేడియో వినువారి సభాస్థలము. వార్తలు, వ్యవసాయ ప్రసంగములు, హరికథలు వినుటకు అక్షరము వచ్చినవారును రానివారును అచ్చట చేరెడివారు. పెట్టెలో ఎఱ్ఱగా వెలుగు వాల్వులను అందరును చూచిరి; డయలు దీపమును అందరును మెచ్చిరి. ఒక మూల నల్లని ఇనుపముద్దవలె కూర్చున్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును గమనించినవారు మాత్రము అరుదు. నేడు వాల్వు ఆంప్లిఫయరును స్వహస్తములతో కట్టుకొనవలెనను ఉత్సాహము యువకులలో కొందరికి మరల కలుగుచున్నది. అట్టివారు ముందుగా తెలిసికొనవలసినది ఆ ఇనుపముద్ద చరిత్రమే.

హైదరాబాదు నగరమునకు తూర్పున, నేడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను పేర్లతో జనసమ్మర్దమై యున్న ప్రాంతమునకు ఈ కథలో స్థానము కలదు. నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో 1935లో పలుకనారంభించెను. మొదట దాని ప్రసారయంత్రము మిక్కిలి చిన్నది. 1939లో ఈ రెండు పేటలకును ఇరుగైన సరూర్‌నగర్‌నందు 5 కిలోవాట్ల ప్రసారయంత్రము నెలకొల్పబడెను. 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆ కేంద్రము ఆలిండియా రేడియోలో చేరెను. ప్రసారము ఎంత బలమైనదైనను, శ్రోత యింట తుది గడప దాటించి పాటను చెవికి చేర్చవలసినది రేడియోలోని ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మరే.

ఏల యనగా, వాల్వు భాష వేరు, స్పీకరు భాష వేరు. వాల్వు హెచ్చు వోల్టేజిని స్వల్పమైన కరెంటుతో ఇచ్చును. స్పీకరునకు కరెంటు హెచ్చుగా కావలెను, వోల్టేజి స్వల్పమైనను చాలును. 6వి6 అను ప్రసిద్ధ వాల్వు 250 వోల్టులపై ఒంటరిగా పనిచేయునప్పుడు 5000 ఓముల భారమును కోరును. సామాన్యమైన స్పీకరు 8 ఓములది. ఈ ఇరువురి నడుమ దుబాసియై నిలుచునదే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. 5000ను 8చే భాగించిన 625. దాని వర్గమూలము 25. అనగా వాల్వు వైపున 2500 చుట్లున్నచో స్పీకరు వైపున 100 చుట్లుండవలెను. 4 వాట్ల శక్తికి లెక్క వ్రాసి చూచినచో, వాల్వు వైపున సుమారు 141 వోల్టులు, 28 మిల్లీ ఆంపియర్లు. స్పీకరు వైపున సుమారు 5.7 వోల్టులు, 0.7 ఆంపియరు. వోల్టేజి ఇరువదియైదవ వంతునకు దిగినది, కరెంటు ఇరువదియైదింతలైనది. జమకును ఖర్చునకును సరిపోయినది. తరుగు వేడియై పోవు కొద్దిపాటి శక్తి మాత్రమే.

ఈ విద్యకు 1947వ సంవత్సరము మహోన్నత దశ. ఆ యేట డి.టి.ఎన్. విలియమ్‌సన్ ఇంగ్లండునందలి వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో 15 వాట్ల ఆంప్లిఫయరును ప్రకటించెను. అందు తుదిభాగమున రెండు కె.టి.66 వాల్వులు; వాటి భారము 10,000 ఓములు. స్పీకరు వైపునుండి కొంత భాగమును మొదటి వాల్వునకు మరలించి, యంత్రము తన తప్పును తానే దిద్దుకొనునట్లు ఆయన కూర్చెను. ట్రాన్స్‌ఫార్మరు నిర్దుష్టము కానిచో ఈ దిద్దుబాటే వికటించి ఆంప్లిఫయరు ఊళపెట్టును. కావున ఆయన చుట్టు విధానమును సైతము వివరముగ తెలిపెను. 1954లో మల్లార్డు సంస్థవారు రెండు ఇ.ఎల్.84 వాల్వులతో 10 వాట్ల ఆంప్లిఫయరును ప్రచురించి, సామాన్యుల యింటికి ఈ విద్యను దింపిరి.

విధి వైచిత్ర్యమేమన, ఆ 1947 డిసెంబరులోనే అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు జనించెను. బెంగుళూరునందలి భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీకి పూనుకొనినది. మరు సంవత్సరమే జెర్మేనియము ట్రాన్సిస్టరుల వంటివానిని ఆరంభించినది. ఇంటికి కోడలు వచ్చిన మరుసటి యేడే సవతి వచ్చినట్లయినది! తొలినాటి ట్రాన్సిస్టరు రేడియోలలోను చిన్న ట్రాన్స్‌ఫార్మరు లుండెడివి. తరువాతి ట్రాన్సిస్టరు స్పీకరు భాషనే నేర్చుకొనినది గాన దుబాసి పని పోయెను.

నేడు దుబాసిని మరల పిలుచువారు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది: ఏ వాల్వునకు, ఏ స్పీకరునకు? ట్రాన్స్‌ఫార్మరునకు చుట్ల నిష్పత్తియే కాని తనకంటూ ఓములు లేవు. 8 ఓముల కొనకు 4 ఓముల స్పీకరు తగిలించినచో వాల్వునకు 5000 బదులు 2500 ఓములే కనబడును, ధ్వని చెడును.

రెండవది: ఎన్ని వాట్లు, ఏ మంద్రస్థాయి వఱకు? ఇచ్చటనే పెక్కురు మోసపోవుదురు. ఇనుము మోయగల వోల్టేజి స్వరము దిగినకొలది దిగును. శక్తి దాని వర్గము చొప్పున తగ్గును. సెకనుకు 60 ఆవృత్తులయందు 10 వాట్లు మోయునది 30 ఆవృత్తులయందు రెండున్నర వాట్లు మాత్రమే మోయగలదు. మృదంగపు తొప్పి గంభీరముగ పలుకవలెనన్నచో ఇనుము బరువుండవలెను. పాత రేడియోనుండి తీసిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు విద్య నేర్చుటకు చాలును. నిండైన సంగీతమునకు చాలదు.

మూడవది: వాల్వు ఒంటరిదా, జంటయా? ఒంటరి వాల్వు కరెంటు ఎల్లప్పుడు ఒకే దిక్కున ప్రవహించి ఇనుమును ముందే నింపివేయును. అందుచే ఆ ఇనుపరేకుల నడుమ సన్నని సందు విడుతురు. పుష్-పుల్ అనబడు జంట వాల్వులలో రెండు ప్రవాహములును ఎదురెదురై సరిపోవును, సందు అక్కరలేదు. ఒకదానికై చేసినది రెండవదానికి పనికిరాదు. నాలుగవది: చుట్టినది ఎట్లు? రెండు వైపుల తీగలను పొరలు పొరలుగా కలిపి చుట్టినగాని తారస్థాయి స్వచ్ఛముగ రాదు.

230 వోల్టులను 9 వోల్టులుగా దించు సాధారణ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు నిష్పత్తి కూడ ఇంచుమించు 25 యగుట చూచి, చౌకయని దానిని వాడువారు కలరు. అది పలుకును, కాని దానికి సందు లేదు, పొరల కూర్పు లేదు. ఒంటరి వాల్వు కరెంటునకు దాని ఇనుము నిండి మంద్రస్వరము నలిగిపోవును.

దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములందు చదువుకొను పల్లె యువకులకు ఎల్.బి.నగర్ మెట్రో రైలు 2018 సెప్టెంబరు నుండి అందుబాటులోనికి వచ్చినది. మలక్‌పేట మీదుగ ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనున దిగినచో కోఠి. అచ్చటి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామగ్రి అంగళ్లు కలవు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టువారిని ఆశ్రయించువారు పై నాలుగు ప్రశ్నల సమాధానములను కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. నోటిమాటగా పది వాట్లదనిన పని చెడును. ఇక సొమ్మున్నంతలో మొదట ట్రాన్స్‌ఫార్మరును నిర్ణయించి, పిదప వాల్వులను, పెట్టెను చూచుకొనుట వివేకము. వాల్వును రేపు మార్చవచ్చును. ట్రాన్స్‌ఫార్మరును మార్చుట ఆంప్లిఫయరును మరల కట్టుటయే.

ప్రాణము అన్నిటికంటె ప్రియము. ఈ యంత్రములలో 250, 300 వోల్టులు సంచరించును; స్విచ్చి తీసిన పిదపను కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి యుండును. అనుభవజ్ఞుడు ప్రక్కన లేనిదే చేయి పెట్టరాదు. స్పీకరు తగిలింపక ఆంప్లిఫయరును మ్రోగింపరాదు. వోల్టేజి పైకెగసి ట్రాన్స్‌ఫార్మరు చుట్ల నడుమ కాలిపోవచ్చును.

గ్రామములందు అటకలపై మూగవడిన వాల్వు రేడియోలు నేటికిని కలవు. రాగికై, ఇనుముకై వాటిని పగులగొట్టి తూకమునకు అమ్మువారికి దక్కునది అత్యల్పము. పోవునది ఒక తరపు వినికిడి. తాళపత్రములను చెదలకు విడువక కాపాడిన జాతికి ఈ పెట్టెలను కాపాడుట భారము కాదు. రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయము తన బీరువాల సరసన అట్టి రేడియో నొకదానిని నిలుపునుగాక; దాని పలుకు వినుచు బాలురు స్వర్ణోత్సవమును చూతురుగాక!