వేరే బల్ల, వేరే పేట, వేరే శ్మశానం: హ్యాటీ మెక్‌డానియల్ కథ



ఈ భాగం రాయడానికి కారణం మా క్లాసులో ఒక అమ్మాయి వేసిన ప్రశ్న. డిగ్రీ రెండో సంవత్సరం వాళ్లకు దళిత కథ చెబుతుంటే అమెరికా నల్లజాతి వాళ్ల ప్రస్తావన వచ్చింది. ఆస్కార్ గెలిచిన మొట్టమొదటి నల్లజాతి మనిషి హ్యాటీ మెక్‌డానియల్ అని చెప్పాను. "ఏ పాత్రకు మేడమ్?" అని వెనక బెంచీ నుంచి అడిగింది. "తెల్లవాళ్ల ఇంట్లో బానిస పాత్రకు. మామీ అని పిలుస్తారు" అన్నాను.

"మరి దాంట్లో గొప్పేముంది మేడమ్? తెల్లోళ్లకు ఎట్టా కావాలో అట్టా నటించింది. వాళ్లు మెచ్చుకుని బహుమతి ఇచ్చారు. అంతేగా?"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే పదిహేనేళ్ల కింద యూనివర్సిటీ హాస్టల్లో ఆ సినిమా చూసి బయటికొచ్చి నేనూ అచ్చంగా ఇదే మాట అన్నాను. ఇంకో నాలుగు కటువైన మాటలు కూడా చేర్చాను. ఇప్పుడు ఆ తీర్పు మీద నాకు నమ్మకం లేదు. ఎందుకో చెప్పాలంటే ఆమె జీవితం మొదటి నుంచీ చూడాలి.

హ్యాటీ 1893 జూన్ 10న కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో పుట్టింది. పదమూడు మంది పిల్లల్లో ఆఖరిది. తండ్రి హెన్రీ బానిసగా పుట్టినవాడు. అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికుల పటాలంలో చేరి, బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలనుకున్న దక్షిణాది సైన్యం మీద పోరాడాడు. ఆ యుద్ధంలో ఒళ్లు పాడైంది. దానికి రావాల్సిన పింఛను కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటూ తిరిగాడు.

ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. 'గాన్ విత్ ద విండ్' ఆ దక్షిణాది యజమానులు ఓడిపోయారే అని కన్నీళ్లు కార్చే సినిమా. పత్తి తోటలు, పెద్ద మేడలు, నవ్వుతూ సేవచేసే బానిసలు, అదంతా పోయిందే అనే బెంగ. ఆ యజమానులను ఓడించిన సైనికుడి కూతురే అందులో వాళ్ల బానిసగా నటించింది.

కుటుంబం తర్వాత కొలరాడోకి వలసపోయి డెన్వర్‌లో స్థిరపడింది. పాట, నటన వీళ్ల ఇంట్లోనే ఉన్నాయి. అన్న ఓటిస్ నాటకాల బృందం నడిపేవాడు. మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలని ఉండేవి. తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడే ఆటలవి. తర్వాత కాలంలో నల్లజాతి కళాకారులకు కూడా రంగస్థలం ఎక్కడానికి అదొక్కటే దారి అయింది. 1914లో హ్యాటీ, అక్క ఎట్టా కలిసి ఆడవాళ్లే ఉండే సొంత బృందం పెట్టారు. ఆ తర్వాత హ్యాటీ డెన్వర్ రేడియోలో పాడింది. 1926 నుంచి 1929 మధ్య బ్లూస్ పాటలు రికార్డు చేసింది. కొన్ని పాటలు తనే రాసుకుంది.

1929లో స్టాక్ మార్కెట్ కూలింది. నాటకాలు మూతపడ్డాయి. మిల్వాకీ దగ్గర ఒక క్లబ్బులో ఆమెకు దొరికిన పని ఏంటో తెలుసా? ఆడవాళ్ల మరుగుదొడ్డి దగ్గర నిలబడి తువ్వాళ్లు అందించే పని. పాటలు రికార్డు చేసిన గాయని ఆ గుమ్మం దగ్గర నిలబడింది. చివరికి ఒక రాత్రి పాడే అవకాశం ఇస్తే అక్కడే గాయనిగా నిలదొక్కుకుంది. 1931లో లాస్ ఏంజెలెస్ వెళ్లింది. అన్న శామ్ పనిచేసే రేడియో కార్యక్రమంలో చోటు దొరికింది కానీ జీతం చాలదు. రేడియోలో ఆమె గొంతు విని జనం మురిసిపోయేవాళ్లు. రేడియో అయిపోగానే ఆమె ఇళ్లల్లో పనికి పోయేది.

ఆ కాలంలో హాలీవుడ్‌లో నల్లజాతి స్త్రీకి ఉన్న వేషం దాదాపు ఒక్కటే, పనిమనిషి. హ్యాటీ అలాంటి వేషాలు డజన్ల కొద్దీ వేసింది. చాలా సినిమాల్లో ఆమె పేరు కూడా తెరమీద వేయలేదు. అయినా ఆ ఇరుకులోనే ఏదో ఒకటి చేసేది. 1935లో వచ్చిన 'ఆలిస్ ఆడమ్స్' చూడండి. లేని గొప్పలు చూపించుకోవాలని ఒక తెల్ల కుటుంబం ఒక్క రాత్రి విందుకు పనిమనిషిని కుదుర్చుకుంటుంది. ఆమె నడక, చూపు, నెత్తి మీద నిలవని టోపీ, వీటితోనే ఆ ఇంటి డాబు మొత్తం నవ్వులపాలవుతుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. పనిచేసే ఇంటివాళ్లను లోపలి నుంచి చదివేసిన మనిషి చూపు అది.

1939 డిసెంబర్ 15న 'గాన్ విత్ ద విండ్' మొదటి ప్రదర్శన అట్లాంటాలోని లోస్ గ్రాండ్ థియేటర్‌లో జరిగింది. జార్జియాలో అప్పుడు వేర్పాటు చట్టాలు నడుస్తున్నాయి. తెల్లవాళ్ల థియేటర్‌లో నల్లవాళ్లు కూర్చోకూడదు. సినిమాలో నటించిన నల్లజాతి వాళ్లెవరికీ అక్కడ చోటు లేదు, హ్యాటీకి కూడా లేదు. ముందురోజు రాత్రి జరిగిన విందులో మాత్రం నల్లజాతి పిల్లలకు చోటు దొరికింది, బానిసల వేషంలో పాడటానికి. ఎబెనేజర్ చర్చి గాయకబృందంలో బానిస పిల్లవాడి బట్టలేసుకుని నిలబడిన పదేళ్ల కుర్రాడి పేరు మార్టిన్ లూథర్ కింగ్.

1940 ఫిబ్రవరి 29. లాస్ ఏంజెలెస్‌లో అంబాసిడర్ హోటల్, కోకోనట్ గ్రోవ్ హాలు. ఉత్తమ సహాయనటి బహుమతి హ్యాటీకి వచ్చింది. ఆ హోటల్ నల్లవాళ్లను రానిచ్చేది కాదు. నిర్మాత సెల్జ్‌నిక్ ప్రత్యేకంగా అడిగితే రానిచ్చారు. రానిచ్చి ఎక్కడ కూర్చోబెట్టారు? అదే సినిమాలో నటించిన వాళ్లంతా ఒక బల్ల దగ్గర కూర్చుంటే, ఆమెకు మాత్రం దూరంగా గోడవార ఒక చిన్న బల్ల వేశారు. పేరు పిలవగానే ఆమె అక్కణ్నుంచి లేచి నడుచుకుంటూ వచ్చింది. నా జాతికీ ఈ సినిమా రంగానికీ ఎప్పుడూ మంచి పేరే తేవాలని నా కోరిక అని చెప్పి కన్నీళ్లతో వేదిక దిగింది. మళ్లీ వెళ్లి ఆ గోడవార బల్ల దగ్గరే కూర్చుంది.

వేరే పంక్తి అంటే ఏంటో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన దేశంలో పి.కె. రోజీని తలుచుకుందాం. మలయాళంలో మొదటి సినిమా 'విగతకుమారన్'లో కథానాయిక ఆమె. దళిత స్త్రీ. వేసిన పాత్ర నాయర్ స్త్రీది. తన సినిమా మొదటి ఆటకు ఆమెకూ ప్రవేశం లేదు. అగ్రకులాల వాళ్లు తెర మీద రాళ్లు వేశారు, ఆమెను ఊరు వదిలి పారిపోయేలా చేశారు. ఆ తర్వాత ఆమె ఇంకో సినిమాలో నటించలేదు.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. గీత దాటిన పాత్ర వేస్తే రాళ్లు. గీతలోపలి పాత్ర వేస్తే బహుమతి, అదీ గోడవార బల్ల దగ్గర. రెండు దేశాల్లోనూ నియమం ఒక్కటే. మనం హ్యాటీని మాత్రం నిలబెట్టి, గీత లోపల ఎందుకున్నావని అడుగుతున్నాం. ఆ గీత గీసినవాణ్ని ఎప్పుడు అడుగుతాం?

అట్లాగని విమర్శకులను కొట్టిపారేయలేం. నల్లజాతి పత్రికలు, ఎన్‌ఏఏసీపీ అనే హక్కుల సంఘం ఈ మూస పాత్రల మీద గట్టిగా పోరాడాయి. 'గాన్ విత్ ద విండ్' స్క్రిప్టులోంచి నల్లవాళ్లను తిట్టే మాట తీసేయించింది ఆ ఒత్తిడే. సంఘం నాయకుడు వాల్టర్ వైట్ 1942లో హాలీవుడ్ వెళ్లి స్టూడియో పెద్దలతో మాట్లాడాడు. నల్లవాళ్లను పనివాళ్లుగా, బఫూన్లుగా మాత్రమే చూపించడం ఆపమన్నాడు. ఆ మాట న్యాయమైనదే. తెరమీద రోజూ కనపడే బొమ్మే లోకం దృష్టిలో ఒక జాతి ముఖమైపోతుంది.

హ్యాటీ వైపు మాట కూడా వినాలి. ఆ వేషాలు పోతే కొత్త వేషాలు ఎవరిస్తారు? పనిమనిషి వేషానికి వచ్చే డబ్బు, నిజంగా పనిమనిషిగా బతికితే వచ్చేదానికి ఎన్నో రెట్లని ఆమె వాదించేది. ఆ రెండు జీతాలూ తీసుకున్న మనిషి కాబట్టి ఆ లెక్క ఆమెకు తెలుసు. పైగా వాల్టర్ వైట్ నీలికళ్లతో, తెల్లగా ఉండే మనిషి. సంఘం ముందుకు తెచ్చిన లీనా హోర్న్ లేత రంగు అమ్మాయి. లావుగా, నల్లగా ఉన్న హ్యాటీకి ఏ పాత్ర రాసిపెట్టారు? అయినా ఆమె లీనా మీద అసూయపడలేదు. ఇంటికి పిలిచి ఆదరంగా మాట్లాడిందని లీనాయే తర్వాత చెప్పుకుంది.

ఇక ఇల్లు. ఈ భాగం చాలామందికి తెలియదు, నాకైతే ఇదే ముఖ్యం.

అప్పట్లో అమెరికాలో ఇళ్ల దస్తావేజుల్లోనే ఒక షరతు రాసుకునేవాళ్లు, ఈ ఆస్తి నల్లవాళ్లకు అమ్మకూడదు, వాళ్లు ఇందులో ఉండకూడదు అని. లాస్ ఏంజెలెస్‌లో వెస్ట్ ఆడమ్స్ హైట్స్ అనే పేటలో హ్యాటీ పెద్ద ఇల్లు కొనుక్కుంది. నటీమణులు లూయీస్ బీవర్స్, ఎథెల్ వాటర్స్, ఇంకా నల్లజాతి డాక్టర్లు, వ్యాపారులు కూడా అక్కడికి చేరారు. జనం దాన్ని షుగర్ హిల్ అనేవాళ్లు. 1945లో కొందరు తెల్ల యజమానులు దస్తావేజు షరతు చూపించి వీళ్లను ఖాళీ చేయించమని కోర్టుకెక్కారు.

హ్యాటీ ఇల్లు వదల్లేదు. చుట్టుపక్కల వాళ్లను తన ఇంట్లో కూడగట్టింది. లాయర్ లోరెన్ మిల్లర్ వాదించాడు. ఆ డిసెంబర్‌లో విచారణకు ఆమె వెంట జనం కోర్టు నిండా వచ్చారు. జడ్జి థర్మండ్ క్లార్క్ స్వయంగా వెళ్లి ఆ పేట చూసి వచ్చాడు. మర్నాడు కేసు కొట్టేశాడు. రాజ్యాంగం 14వ సవరణ ఇచ్చిన హక్కులు నల్లవాళ్లకు కూడా పూర్తిగా దక్కాలని చెప్పాడు. మూడేళ్లకు, 1948లో, షెల్లీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయడానికి వీల్లేదని తేల్చింది. ఆ పోరాటంలోనూ లోరెన్ మిల్లర్ ఉన్నాడు.

తెరమీద తెల్లవాళ్ల ఇల్లు తుడిచిన ఆ మనిషే బయట తెల్లవాళ్ల పేటలో తన ఇల్లు నిలబెట్టుకుంది. హాస్టల్లో తీర్పు చెప్పిన రోజు నాకు ఈ సగం తెలియదు.

1947లో 'బ్యూలా' అనే రేడియో కార్యక్రమంలో ఆమె ప్రధాన పాత్ర తీసుకుంది. మళ్లీ పనిమనిషే. కానీ నల్లవాళ్లను వెక్కిరించే ఆ యాస మాట్లాడనని ముందే చెప్పి ఒప్పించుకుంది. ఒక నల్లజాతి స్త్రీ ప్రధాన పాత్రగా రేడియో కార్యక్రమం నడవడం అదే మొదలు. టీవీకి కూడా కొన్ని భాగాలు చేసింది. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. రొమ్ము క్యాన్సర్‌తో 1952 అక్టోబర్ 26న చనిపోయింది. వయసు 59.

వీలునామాలో రెండు కోరికలు రాసింది. తనను హాలీవుడ్ శ్మశానంలో పూడ్చాలి. తన ఆస్కార్ నల్లజాతి వాళ్ల విద్యాసంస్థ హోవర్డ్ యూనివర్సిటీకి ఇవ్వాలి.

ఆ శ్మశానం తెల్లవాళ్లకే. రానివ్వలేదు. రోజ్‌డేల్ శ్మశానంలో పూడ్చారు. ఆస్కార్ యూనివర్సిటీకి చేరింది కానీ కొన్నేళ్లకు కనపడకుండా పోయింది. 1999లో హాలీవుడ్ శ్మశానం కొత్త యజమాని ఆమెను అక్కడికి మారుస్తామంటే బంధువులు వద్దన్నారు. అప్పుడు ఆమె పేరుతో అక్కడ ఒక స్మారకం నిలబెట్టారు. 2023 అక్టోబర్ 1న అకాడమీ పోయిన బహుమతికి బదులు ఇంకొకటి చేయించి హోవర్డ్‌కు అప్పగించింది. ఇంకో నల్లజాతి స్త్రీకి నటనకు ఆస్కార్ రావడానికి 51 ఏళ్లు పట్టింది. 1991లో హూపీ గోల్డ్‌బర్గ్‌కు వచ్చింది. 2012లో ఆక్టేవియా స్పెన్సర్‌కు వచ్చింది, అదీ పనిమనిషి పాత్రకే.

బల్ల, ఇల్లు, శ్మశానం. బతికుండగా ఆమె గెలిచింది ఈ మూడింటిలో ఒక్కటి.

మా అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. మా ఊళ్లో ఒక ఆసామి ఇంట్లో అమ్మ ఇరవై ఏళ్లు పాచిపని చేసింది. పగలంతా "అట్టాగేనమ్మగారూ" అనేది. రాత్రి మా ఇంట్లో దీపం దగ్గర ఆ అమ్మగారి నడక, గొంతు, ముక్కు విరుపు చేసి చూపించేది. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. చదువుకుని సభల్లో మాట్లాడటం మొదలుపెట్టాక, నేనొకసారి అమ్మతో "నువ్వు వాళ్ల ముందు అట్టా వంగిపోవడం మానెయ్" అన్నాను. అమ్మ నా వైపు చూసి, "నీ హాస్టల్ ఫీజు ఎవరు కట్టారే?" అంది. కోపంగా కాదు, మామూలుగా అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

మర్నాడు క్లాసులో ఆ అమ్మాయికి కోర్టు కేసు సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయినా ఆ సినిమా తప్పే కదా మేడమ్" అంది. తప్పే. ఆ సినిమాను ప్రశ్నించడం ఆపొద్దు అన్నాను. ఆమెను మాత్రం ఆ సినిమాకు వదిలేయొద్దు అని కూడా అన్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఈ విషయం మీదే సెమినార్ పేపర్ రాస్తోంది. నా అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవించలేదు. మంచిదే.

మీ ఇళ్లల్లో, వాడల్లో ఇలాంటి వాళ్లుంటారు. వాళ్ల గురించి కామెంట్లలో రాయండి. వచ్చే భాగం పాల్ రోబ్సన్ గురించి. 1936లో 'షో బోట్'లో హ్యాటీతో కలిసి నటించిన మనిషి, తర్వాత పూర్తిగా వేరే దారి పట్టాడు.

జై భీమ్.