పాతబస్తీ గోడల మీద పాత రాతలు

హైదరాబాదు చరిత్ర అనగానే చార్మినారు, మక్కా మసీదు, చౌమహల్లా తలచుకోవడం మనకు పరిపాటి. అవి ప్రభువులు కట్టించినవి. వాటి గురించి పుస్తకాలకు కొదవ లేదు. అదే వీధుల్లో దుకాణదారులు, హకీములు, కుంచె పట్టిన పెయింటర్లు మిగిల్చిన చరిత్ర మరొకటి కలదు. అది సున్నపు గోడల మీద సగం చెరిగి ఉంటుంది. రోజూ దాని పక్కనుంచే పోతూ కూడా తలెత్తి చూడము.

ముందుగా మనందరి ఇళ్ళలోనూ ఉండే సీసాతో మొదలుపెడదాం. జలుబు చేస్తే వేడినీళ్ళలో నాలుగు చుక్కలు, తలనొప్పికి నుదుటి మీద కాస్త. జిందా తిలిస్మాత్ అంటే చాలు, వాసన ముక్కుకు తగులుతుంది! నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు కలిసిన ఈ యునానీ మందును హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ గారు 1920లో హైదరాబాదులో ప్రారంభించారు. పత్రికలు చదవగలిగిన వారు కొద్దిమందే అయిన ఆ రోజుల్లో గోడే పత్రిక. అక్షరం రానివారికి బొమ్మ ఉండేది. ఆ బొమ్మలోని సిద్దీ మనిషి ఎవరనుకున్నారు? నిజాం ప్రభువుల ఆఫ్రికన్ అశ్వదళపు సిపాయిల గుర్తు. వారు నివసించిన చోటే నేటి ఏ.సి. గార్డ్స్. (ఆ పేరులోని ఏ.సి.కి చల్లని గాలి మిషనుతో సంబంధం లేదని మన పిల్లలకు చెప్పవలసి వస్తోంది.) సంస్థానం పోయింది, దళమూ పోయింది. సిద్దీ సిపాయి మాత్రం మందు సీసా మీద నేటికీ ఉన్నాడు.

ఇక రాసిన చేతుల సంగతి. ఉర్దూ ప్రకటన రాయడం మామూలు పని కాదు. నస్తాలీఖ్ అక్షరం కుడినుంచి ఎడమకు, పైనుంచి కిందికి జారుతూ నడుస్తుంది. ఒక మాటకే గోడ మీద చాలా ఎత్తు కావాలి. కాతిబ్ సాహెబ్ కాగితం మీద కలంతో రాసి ఇస్తే, పెయింటరు దాన్ని గళ్ళు గీసి పెంచేవాడు. లేదా కాగితానికి గీత వెంట సన్నని రంధ్రాలు పొడిచి, గోడకు ఆనించి, బొగ్గుపొడి మూటతో అద్దేవాడు. చుక్కల వెంట కుంచె నడిచేది. ఛత్తాబజారులో ఇటువంటి కాతిబులకు పేరుండేది. 1980ల తర్వాత ఉర్దూ అక్షరాలు కంప్యూటరులోకి వచ్చాయి, ఆ వెనుకనే ఫ్లెక్సు వచ్చింది. కాతిబుకూ పెయింటరుకూ ఒకేసారి పని తగ్గింది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, హిందీ ఒకే గోడ మీద పక్కపక్కన ఇమిడిన ప్రకటనలు చూసినప్పుడు మాకు తోచేది ఒకటే. వ్యాపారి తన వాకిట్లోకి వచ్చే ప్రతివాడినీ వాడి లిపిలోనే పిలిచాడు. ఇందుకు ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇయ్యలేదు.

ఈ రాతల వయసు కనిపెట్టడం కూడా కష్టమేమీ కాదు. ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957కు ముందుది. నయా పైసలు అని ఉంటే 1957కూ 1964కూ నడుమది. హాలీ సిక్కా ప్రస్తావన ఉంటే ఇంకా పాతది. సంస్థానపు ఆ సొంత నాణెం 1950లలో చెలామణి నుంచి పోయింది. చిరునామాలో ఆరంకెల పిన్ కోడు ఉంటే 1972 తర్వాతది. సిగరెట్ల ప్రకటనలకు వేరే లెక్క: ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరి చేసిన చట్టం 1975 నాటిది, 2004 నుంచి అటువంటి ప్రకటనలకే నిషేధం. కాబట్టి ఏ గోడ మీదనైనా పసుపుపచ్చని చార్మినార్ సిగరెట్టు పెట్టె ఛాయ కనిపిస్తే, అది ఆ నిషేధానికి ముందుదే అయి ఉండాలి.

ఇన్నేళ్ళు ఎలా నిలిచాయంటే, ఆ కాలపు తెల్లరంగులో సీసం ఉండేది, అవిసె నూనెలో కలిపేవారు. నూనె సున్నపు పూతలోకి ఇంకి పట్టుకునేది. పక్కన మరో ఇల్లు లేస్తే ఎండా వానా తగలక ఆ గోడ మరింత భద్రం. ఆ ఇల్లు పడగొట్టినప్పుడు మళ్ళీ బయటపడుతుంది, కొద్ది రోజులకు తానూ పడిపోతుంది. 2025లో దారుల్‌షిఫా నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో దారి కోసం ఇళ్ళూ దుకాణాలూ కూల్చడం మొదలయ్యింది. రోడ్డు కావాలి, మెట్రో కావాలి, కాదనము. కానీ మలిగెకు నష్టపరిహారం లెక్కగట్టిన కాగితంలో గోడ మీది అక్షరానికి గడి ఉండదు కదా!

అందుచేత సభ్యులకు మా మనవి. మీ ఇంటికో, బంధువుల దుకాణానికో అటువంటి రాత ఉంటే, సున్నం కొట్టించే ముందు ఫోటో తీయించండి. వాన వెలిసిన వెంటనే తీస్తే మంచిది. గోడ తడిగా ఉన్నప్పుడు ఎండలో కనిపించని అక్షరాలు కూడా తేలతాయి. ఫోటో వెనుక గల్లీ పేరు, ఆ దుకాణం ఎవరిది, రాసిన పెయింటరు పేరు ఇంట్లో పెద్దలకు గుర్తుంటే అదీ రాసి సంఘం ఆఫీసులో ఇవ్వగలరు.