చెట్టినాడు మండువా ఇండ్లు – ఊరికి బ్రతుకుతెరువు

తమిళనాట శివగంగ, పుదుక్కోట జిల్లాలలో కారైక్కుడి పట్టణం చుట్టూ వ్యాపించిన సీమకు చెట్టినాడు అని పేరు. ఇందులో 73 గ్రామాలు, రెండు పట్టణాలు ఉన్నవి. నగరత్తారులనబడే నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా, సింహళం, మలయా దేశాలలో వడ్డీ వ్యాపారం చేసి, ఆ ధనంతో 19వ శతాబ్ది మధ్యభాగం నుండి ఇక్కడ విశాలమైన గృహాలు నిర్మించారు. ఈ వీధిలో తలవాకిలి, వెనుక వీధిలో పెరటి గుమ్మం, నడుమ వరుసగా మండువాలు. స్తంభాలకు బర్మా టేకు. గోడలకు అద్దం వలె మెరిసే గచ్చు సున్నం. వీధి అరుగును అక్కడ ‘తిణ్ణై’ అంటారు. మన తిన్నెకు అది తోబుట్టువే.

1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుకొనగా ఆ వ్యాపారం కూలిపోయినది. వారసులు నగరాలకు తరలిపోయారు. ఒక్కొక్క ఇంటికి పదుల సంఖ్యలో వాటాదారులు ఏర్పడి, మరమ్మతు ఖర్చు భరించేవారు లేక అనేక గృహాలు పడగొట్టబడినవి. వాటి ద్వారబంధాలు, స్తంభాలు కారైక్కుడి పాత సామానుల అంగళ్లకు చేరినవి. అట్లు అమ్మిన సొమ్ము ఒక్కసారే వచ్చును. వాటాలు పోగా మిగిలేది స్వల్పం.

నిలిచిన ఇండ్ల సంగతి వేరు. 1999లో కారైక్కుడిలో ‘బంగళా’ అనే పాత భవనం అతిథి గృహమైనది. పిమ్మట మరికొన్ని గృహాలు ఆ దారి పట్టినవి. వంటవారికి, వడ్రంగులకు, సున్నపు పని తెలిసిన మేస్త్రీలకు పని దొరికినది. 2014లో ఈ గ్రామ సముదాయం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినది.

అయితే ప్రతి ఇల్లూ హోటలు కాజాలదు. అంతకంటె గట్టి ఆధారం ఆత్తంగుడి పలకల పని అని నా అభిప్రాయం. ఆత్తంగుడి గ్రామంలో గాజు పలకపై గళ్ల అచ్చు ఉంచి, రంగు కలిపిన సిమెంటు ముద్దను గడిగడిలో పోస్తారు. అచ్చు తీసి, పైన పొడి ఇసుక–సిమెంటు చల్లి, ఆపై తడి మిశ్రమం పరచి, కొన్నాళ్లు నీటిలో నాననిస్తారు. ఆరిన తర్వాత గాజు ఊడివచ్చును. దాని నునుపు పలకకు దిగును. కొలిమి లేదు, కాల్చుట లేదు. పాత ఇండ్ల మరమ్మతుకు కావలసిన ఈ పలకలు నేడు దూరప్రాంతాల కొత్త ఇండ్లకూ పోవుచున్నవి. ఇండ్లన్నీ కూలి ఉంటే వీటిని చూచి కోరేవారెవరు?

మన సరిహద్దు గ్రామాల మండువా లోగిళ్లకూ వాటాల చిక్కే ప్రధానం. ఇల్లు విప్పి అమ్మక మునుపే వాటాదారులందరు కూర్చుండి, వార్షిక మరమ్మతుకు ఎవరు ఎంత ఇవ్వవలెనో కాగితంపై వ్రాసుకొనుట మేలు. వానలకు ముందు పెంకులు సరిచేయించి, మండువా తూము శుభ్రపరచవలెను. సున్నపు గోడకు సిమెంటు పూత పూయించరాదు. చెమ్మ లోపలనే నిలిచి గోడ గుల్లబారును.