నిజాంపై జనం ఎందుకు తిరగబడ్డారు? కారణాలివే

1946 జులై 4. కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయారు. అక్కడ రాజుకున్న మంటే తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమైంది. కోపం మాత్రం పాతదే.

● వెట్టి: వృత్తి కులాలు, దళితులు దొర గడీలో కూలి లేకుండా పని చేయాల్సిందే.

● భూమి: శిస్తు కట్టలేకపోతే, అప్పు తీర్చలేకపోతే పొలం దొర పేరు మీదికి పోయేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఎదురు తిరిగింది పొలం, పంట కోసమే.

● లెవీ: యుద్ధకాలంలో ధాన్యం బలవంతంగా తీసుకున్నారు. భారం చిన్న రైతుపైనే.

మరి మన పత్తికొండ? ఈ ప్రాంతాన్ని నిజాం 1800లోనే కంపెనీకి ఇచ్చేశాడు. మన్రో రైత్వారీ తెచ్చాడు. 1827లో పత్తికొండలోనే కన్నుమూశాడు. ఇక్కడ శిస్తు బరువు తప్పలేదు గానీ, రైతుకూ సర్కారుకూ మధ్య దేశ్‌ముఖ్ లేడు.

1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అయినా భూమి గొడవ తేలలేదు. అందుకే పోరాటం 1951 దాకా నడిచింది.