తాళపుచెవి కథ: ఒక పందెము, ఒక వివాదము

ఇంటిలో దొంగలు పడినారని చెప్పుటకు తెలుగువారు "కన్నము వేసినారు" అందురు. గోడకు రంధ్రము త్రవ్వి లోనికి దూరు దొంగ నేడు నగరములలో అరుదు. మాట మాత్రము నిలిచియున్నది. మట్టిగోడలు, పచ్చియిటుకల గోడలు ఉన్న ఇంటిలో దొంగకు తలుపుతో పనియే లేదు. పలుగు, నీరు, చీకటిరాత్రి ఉన్న చాలును. శూద్రకుని 'మృచ్ఛకటికము' అను సంస్కృత నాటకమున మూడవ అంకములో శర్విలకుడను దొంగ ఈ విద్యను శాస్త్రమువలెనే వివరించును. కాల్చిన ఇటుకలైనచో పెరుకవలెను, పచ్చివైనచో కోయవలెను, మట్టియైనచో తడుపవలెను, కొయ్యయైనచో చీల్చవలెను అని అతని సిద్ధాంతము. కొలతాడు తెచ్చుట మరచిన కారణమున అతడు తన జందెముతోనే గోడను కొలుచుకొనును. మేలుకొన్న పిమ్మట ఇంటి యజమాని చారుదత్తుడు ఆ కన్నపు తీరును చూచి మెచ్చుకొనుట ఆ ఘట్టమందలి చమత్కారము.

గోడలు గట్టిపడిన కొలది దొంగ చూపు తలుపు వైపు మరలుట సహజము. తలుపు వెనుక అడ్డముగ వేయు లావుపాటి అడ్డగడియ చాల బలమైనదే కాని, దానిని వేయుటకు ఇంటిలో ఒకరు ఉండవలెను. అందరును జాతరకో పెండ్లికో బయలుదేరినప్పుడు బయటినుండి గడియ వేయుట ఎట్లు? వేసినను, ఇంటివారు తీయగలిగి ఇతరులు తీయలేకుండుట ఎట్లు? ఈ చిక్కుప్రశ్నకు మానవుడు కనిపెట్టిన సమాధానమే తాళము. తెలుగున దీనిని కొన్ని జిల్లాలలో బీగమనియు అందురు. దానిని తీయు సాధనమును తాళపుచెవి అనుట మన భాషలోని వింత. ఆ చెవి తాళమునకున్నదో, తాళమే ఆ చెవి మాట వినుచున్నదో!

ప్రాచీన ఈజిప్టువాసులు వాడిన కొయ్యతాళము నేటి తాళమునకు తాత వంటిది. తలుపునకు బిగించిన దిమ్మెలో కొన్ని నిలువు రంధ్రములు ఉండును. ఆ రంధ్రములలో కొయ్యచీలలు స్వేచ్ఛగ జారుచుండును. అడ్డగడియను లోనికి త్రోయగనే ఆ చీలలు తమ బరువు చేతనే గడియమీది గుంటలలో పడి దానిని కదలనీయవు. తాళపుచెవి ఒక పెద్ద కొయ్యపుల్ల. దాని చివర పైకి నిలిచిన పండ్లు ఉండును. దానిని గడియలోనికి దూర్చి పైకెత్తినచో పండ్లు చీలలను సరిగా గుంటల అంచువరకు లేపును. గడియ వెనుకకు వచ్చును. ఇందులో స్ప్రింగు లేదు, ఇనుము లేదు. పనిచేయునది భూమ్యాకర్షణ శక్తి ఒక్కటే.

రోమనులు లోహపు తాళములు చేసిరి. వారి దుస్తులకు జేబులు లేనందున చిన్న తాళపుచెవులను ఉంగరములుగ చేసి వ్రేళ్ళకు ధరించెడివారు. ఆ తరువాత అనేక శతాబ్దములు ఐరోపాలో రాజ్యమేలినది అడ్డుపట్టీల తాళము. దీనిలో తాళపుచెవి తిరుగు దారిలో ఇనుపపట్టీలు అడ్డముగ నిలిచియుండును. ఆ పట్టీలకు సరిపడు గాట్లున్న చెవి మాత్రమే తిరుగగలదు. పైకి ఇది ఎంతో కట్టుదిట్టముగ కనిపించును, పనివారు దానిపై లతలు పూవులు చెక్కి అందగింపజేసిరి. కాని దొంగ తెలివి గాట్లను అనుకరించుట కాదు, గాట్లున్న భాగమునంతయు కోసివేయుట! చివర చిన్న కొన మాత్రము మిగిల్చిన మారుతాళపుచెవి అడ్డుపట్టీలన్నిటిని తప్పించుకొని గడియను తాకును. అట్టి చెవి ఒక్కటి చేతనున్న దొంగకు ఒక వీధిలోని తలుపులెన్నో తెరచుకొనెడివి.

పదునెనిమిదవ శతాబ్దపు చివర లండను నగరము వేగముగ పెరిగినది. ఒకరినొకరు ఎరుగని ఇరుగుపొరుగు ఏర్పడినది. ఇంగ్లండున తాళము పునర్జన్మమెత్తినది ఆ రోజులలోనే. 1778లో రాబర్టు బారన్ అనునతడు ఒక కొత్త లీవరు తాళమునకు పేటెంటు పొందెను. అందులోని లీవరును చెవి తగినంత ఎత్తునకే లేపవలెను. తక్కువైనను గడియ కదలదు, ఎక్కువైనను కదలదు. ఈ చిన్న భావమే నేటి లీవరు తాళములన్నిటికి మూలము. 1784లో జోసెఫ్ బ్రామా మరియొక తాళమునకు పేటెంటు తీసెను. ఇతడు యార్కుషైరులోని రైతుబిడ్డ, వృత్తిచే వడ్రంగి. గొట్టమువంటి ఇతని తాళపుచెవి చివర వేరువేరు లోతుల గాట్లుండును. అవి తాళములోని సన్నని లోహపు రేకులను ఒక్కొక్కదానిని ఒక్కొక్క లోతునకు నొక్కును.

ఇట్టి తాళమును చేతితో చేయుట మిక్కిలి కష్టము. 1789లో పదునెనిమిదేండ్ల హెన్రీ మాడ్‌స్లే బ్రామా కర్మాగారమున చేరి, తాళపు భాగములను ఖచ్చితముగ కోయు యంత్రములను నిర్మించెను. జీతము పెంచుటకు యజమాని అంగీకరింపనందున 1797లో అతడు బయటకు వచ్చి స్వంత కర్మాగారము పెట్టుకొనెను. యంత్రములను చేయు యంత్రముల చరిత్రలో అతనిది మొదటి వరుస. పారిశ్రామిక విప్లవమునకు దొంగల భయము కూడ కొంత చేయూత నిచ్చినదనుట అతిశయోక్తి కాదు.

బ్రామా సంస్థ లండనులోని పికడిలీ వీధిలో తన దుకాణపు కిటికీలో ఒక తాళమును వ్రేలాడగట్టి, దీనిని తీయగల సాధనమును చేసినవారికి 200 గినీలు ఇత్తుమని ప్రకటించెను. గినీ అనగా 21 షిల్లింగులు. బ్రామా 1814లో మరణించెను. తాళము మాత్రము అట్లే వ్రేలాడుచుండెను. ఇంతలో 1817లో పోర్ట్‌స్మత్ నౌకానిర్మాణ కేంద్రమున మారుతాళపుచెవులతో దొంగతనము జరిగినది. తన చెవికి తప్ప మరి దేనికిని లొంగని తాళము చేసినవారికి ప్రభుత్వము బహుమానము ప్రకటించెను. 1818లో జెరెమియా చబ్ దానికి తగిన తాళము చేసెను. ఇతరులెవరైనను కెలికి ఏ లీవరునైనను అతిగ ఎత్తినచో ఒక కొక్కెము దానిని పట్టుకొనును; యజమాని తన చెవి తిరుగకపోవుట చూచి ఎవరో ప్రయత్నించిరని తెలిసికొనును. తాళము కావలియే కాక సాక్షి కూడ అయినది! ఓడలోని ఖైదు శిక్షను అనుభవించుచున్న ఒక తాళముల పనివానికి దీనిని ఇచ్చి, తెరచినచో శిక్ష మాఫీ అనిరి. నెలలు గడచినను అతడు తెరువలేకపోయెను.

1851 వరకు పరిస్థితి ఇది. ఇంగ్లండులోని ధనికులు, బ్యాంకులవారు నిశ్చింతగ నిద్రించుచుండిరి.

ఆ సంవత్సరమున లండనులో స్ఫటికసౌధమున జరిగిన మహాప్రదర్శనకు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అను అమెరికనుడు తన సంస్థ తాళములతో వచ్చెను. ఇంగ్లండు తాళములన్నిటిని తీయవచ్చునని అతడు బహిరంగముగ చెప్పినప్పుడు చాలమంది నవ్విరి. జూలై 22న వెస్ట్‌మినిస్టరులోని ఒక ఇంటిలో, పిలువబడిన పెద్దల యెదుట, అతడు చబ్ తాళమును 25 నిమిషములలో తెరచెను. ఏ హానియు కలుగకుండ 7 నిమిషములలో తిరిగి వేసెను. తరువాత బ్రామా తాళము వంతు వచ్చెను. పదునారు దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి అతడు దానిని కూడ తీసెను. అతడు తాళమునకు ఒక పరికరమును బిగించి యుంచెనని బ్రామా సంస్థ ఆక్షేపించినను, మధ్యవర్తులు 200 గినీలు అతనికే ఇప్పించిరి.

అతని కిటుకు మంత్రము కాదు, గణితము. విద్యార్థులు ఒక లెక్క చేసి చూడవచ్చును. ఒక తాళములో 5 లీవర్లున్నవనుకొందము. ఒక్కొక్కదానిని 6 ఎత్తులలో ఒకదానికి లేపవలెను. అన్నిటిని ఒకేసారి సరిగా ఊహింపవలెనన్నచో 6ను ఐదు మార్లు గుణింపవలెను: 7,776 విధములు. కాని ఏ పనివాడును ఐదు లీవర్లను వెంట్రుకవాసి తేడా లేకుండ చేయలేడు. అందుచే గడియను మెల్లగ ఒత్తిడితో పట్టియుంచినచో ఆ ఒత్తిడి ముందుగ ఒక్క లీవరు మీదనే పడును. దానిని సరియగు ఎత్తునకు లేపగనే అది వదలును, ఒత్తిడి రెండవదానిపైకి పోవును. ఇట్లు ఒక్కొక్కటిగ సాధించినచో 6ను ఐదింటితో గుణించిన చాలును. 30 ప్రయత్నములకు మించవు. తాళము చేసినవాడు హెచ్చవేతను నమ్ముకొనెను, దానిని తీయువాడు దానిని కూడికగ మార్చెను. లోహమును కోయుటలో ఎంత సూక్ష్మత పెరిగిన ఈ పని అంత కష్టమగును. మాడ్‌స్లే యంత్రముల విలువ ఇక్కడ తెలియును.

హాబ్స్ విజయమునకన్న దాని వెంట లేచిన వివాదము గొప్పది. తాళముల లోపములను పత్రికలలో వ్రాయుట దొంగలకు పాఠము చెప్పుట కాదా అని పలువురు మండిపడిరి. ఈ మాట తేలికగ త్రోసివేయదగినది కాదు. రాత్రివేళ ఇంటిలో ఒంటరిగ నుండువారి భయము దాని వెనుక నున్నది. 1853లో చార్లెస్ టామ్లిన్‌సన్ సంపాదకత్వమున వెలువడిన తాళముల గ్రంథమున హాబ్స్ వాదము కాననగును. దొంగలు తమ వృత్తిలో ఆరితేరినవారు, వారికి తెలియనిది ఇతరులు కొత్తగ నేర్పునది చాల తక్కువ; తెలియనివారు ఇంటివారే, నిజము వారికి చెప్పినచో నష్టముకన్న మేలు ఎక్కువ అనునది దాని సారాంశము. హాబ్స్ తన తాళములను అమ్ముకొనుటకు వచ్చిన వర్తకుడను సంగతి మరువరాదు. అయినను వాదము అతనిదైనంత మాత్రమున తప్పు కాదు. 1850ల దశకమున లైనస్ యేల్ అను మరియొక అమెరికనుడు హాబ్స్ గొప్పగ చెప్పిన తాళమునే తీసి చూపెను; ఆ సంగతియు దాచిపెట్టబడలేదు. కంప్యూటరులలోని లోపములను వెల్లడింపవలెనా, దాచవలెనా అను నేటి చర్చలో ఇరువైపుల వినవచ్చునవి చాలవరకు ఆనాటి మాటలే.

ఇన్నాళ్ళును మంచి తాళము ధనికుని సొత్తు. దానిని సామాన్యుని గుమ్మమునకు తెచ్చినవాడు ఈ యేల్. చిత్రకారుడుగ జీవితము ఆరంభించిన ఇతడు తాళములు చేయు తండ్రి మార్గమున ప్రవేశించి, 1861లోను, 1865లోను పేటెంట్లు పొందెను. ఈజిప్టు కొయ్యచీలల తాళమునే లోహముతో చిన్నదిగ చేసి, చీలలను స్ప్రింగులతో క్రిందికి నొక్కించి, ప్రతి చీలను రెండు ముక్కలు చేసెను. చీలలన్నిటి కీలు ఒకే గీతకు వచ్చినప్పుడే లోపలి దిమ్మె తిరుగును. చెవి పలుచని చిన్న రేకు. గాట్లు దాని అంచున. యంత్రములమీద వేలకొలది చేయుటకు ఇది అనువైనది. 1868లో కర్మాగారము స్థాపించిన కొలది కాలమునకే యేల్ మరణించెను. తన తాళము లోకమంతట వ్యాపించుట అతడు చూడలేదు.

భారతదేశమున అలీగఢ్, దిండిగల్ పట్టణములు తాళములకు పేరుపొందినవి. దిండిగల్ తాళమునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. బొంబాయిలో అర్దేషిర్ గోద్రెజ్ న్యాయవాద వృత్తిని విడిచి 1897లో తాళముల తయారీకి పూనుకొనెను. నగరమున దొంగతనములు పెరుగుచున్నవను పత్రికావార్త చదివి అతడు ఈ దారి పట్టెనని చెప్పుదురు. దిగుమతి తాళములతో పోటీపడవలసిన రోజులవి.

మంచి తాళము కొనుటతో పని ముగియదు. మన ఇండ్లలో వేసిన తాళమును సున్నితముగ తీయు నేర్పుగల దొంగలు కొద్దిమంది. ఎక్కువమంది ఇనుపకడ్డీని గొళ్ళెములో దూర్చి పెరికివేయుదురు. గొళ్ళెమును పలుచని కొయ్యకు పొట్టి మరమేకులతో బిగించినచో దానికి ఎంత ఖరీదైన తాళము వేసినను ఫలము లేదు. మరలు బయటికి కనబడునట్లున్నచో వానిని విప్పుటకు ఒక స్క్రూడ్రైవరు చాలును. తలుపు మూసినప్పుడు గొళ్ళెపు రేకు మరలను పూర్తిగ కప్పునట్లు అమర్చుకొనవలెను. చట్రమునకు ఆవలివైపున నట్లు బిగించు పొడవాటి బోల్టులు వాడవలెను. వడ్రంగిని పిలిచినచో ఈ పని ఒక పూటలో ముగియును.